ఎంగిలి గరిటె

"తూ!"

సూపంతా దుప్పటి మీద పడింది. కొంత రాజశ్రీ ముంజేతి మీద పడింది. అప్పలకొండ రెండు పెదాలూ బిగించుకుని గోడవైపు తిరిగిపోయింది. నోట్లో పుళ్ళు మండాయి కాబోలు, ముసలామె కంటి చివర నీళ్ళు చేరాయి.

"ఏటి పోసేవే మా యమ్మ నోట్లో?" మంగాయమ్మ కుర్చీలోంచి లేచింది. తల్లి జ్వరం తగ్గి ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చిన దగ్గర్నుంచీ ఆవిడ రోజూ ఊరి అవతలున్న ఉస్లాపూర్ నుంచి స్కూటీ మీద వస్తోంది. వచ్చి ఆ కుర్చీలో కూర్చుని, తమ్ముడి పెళ్ళాం చేసే ప్రతి పనికీ వంక పెడుతోంది. "ఇలా తే ఆ గిన్నె!"

"సూపు వదినా. పేకెట్టు సూపు. మింగడానికి మెత్తగా ఉంటాదని..."

మంగాయమ్మ చెంచాడు నోట్లో వేసుకుంది. మరుక్షణం వాష్‌బేసిన్ దగ్గరికి పరిగెత్తింది.

"ఓలమ్మో! ఉప్పు కషాయమే ఇది! బీమిలి సముద్రం తెచ్చి కాచేవేటే?"

రాజశ్రీ వంటింట్లోకి వెళ్ళి చెత్తబుట్టలోంచి పేకెట్టు తీసి చూసింది. ఉప్పు కలిపే ఉందని హిందీలో రాశారు, ఇంగ్లీషులోనూ రాశారు. తను మాత్రం చారులో వేసినట్టే అలవాటుగా చెయ్యి నిండా ఉప్పు వేసింది. ఆ చేతిని గోడకేసి కొట్టుకోవాలనిపించింది.

"పేకెట్లో ఉప్పుంటాదని తెల్దు వదినా."

"తెల్దా? నీకు నాలుక లేదేటి?"

అనేశాక మంగాయమ్మే టక్కున ఆగిపోయింది. ఎందుకు ఆగిందో ఆ రైల్వే క్వార్టర్లో అందరికీ తెలుసు. ఆ ఇంట్లో పొయ్యి ముందు నిలబడ్డ మనిషి నాలుక వాడకూడదు. వంట చేస్తూ రుచి చూస్తే అది ఎంగిలి. ఎంగిలి దేవుడికి పనికిరాదు, డ్యూటీకెళ్ళే మగాడి అన్నం డబ్బాలోకి అంతకంటే పనికిరాదు. ఆ రూలు పెట్టిన మనిషే ఇప్పుడు గోడవైపు తిరిగి పడుకుని ఉంది.

మంగాయమ్మే మళ్ళీ మొదలుపెట్టింది. ఆవిడకి మౌనం పడదు.

"డాక్టరు ఏటి సెప్పేడు? ఇయ్యాల సాయంత్రం లోపల నోటితో గిన్నెడు తినకపోతే ముక్కులో గొట్టం ఎయ్యాల్సిందే అన్నాడు. సెప్పేడా నేదా?"

"చెప్పేరు."

"మరి ఇంకేటి చూస్తావు? ఐదున్నరకి మీ అన్నయ్య బేంకు నుంచి కారు తీసుకుని తిన్నగా ఇక్కడికే వస్తాడు. అమ్మ బట్టలు సర్దు."

"గొట్టం వద్దొదినా." రాజశ్రీ గొంతు తగ్గించింది. "అత్త నా చెయ్యి పట్టుకుని మరీ అడిగింది. మామగారు ఆ గొట్టంతోనే పోయారు. నన్నలాగ పంపకే అంది. సరే అని మాటిచ్చేను."

"మాటివ్వడానికి నీకేటి! తినిపించు మరి! వారం నుంచీ సూస్తన్నాను. ఒకపూట గంజంటావు, ఒకపూట ఓట్సంటావు, ఒకపూట కిచిడీ అంటావు. ఏదీ దాని నాలిక్కి ఎక్కదు. మా యమ్మ ఇలాగ ఎండిపోయి పోతే, ఆ పాపం నీదే రాజశ్రీ."

మంచం మీద అప్పలకొండ చెయ్యి దుప్పటి అంచుని గట్టిగా పట్టుకుంది. అన్నీ వింటోంది. రాజశ్రీ ఆ చేతిని చూసింది. ఇంకొక్క క్షణం అక్కడ ఉంటే గట్టిగా ఏడ్చేస్తానని భయమేసి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

మొగుడు త్రినాథరావుకి ఫోన్ చేసింది. స్విచ్ ఆఫ్. అవుతుందని తెలిసే చేసింది. గూడ్స్ బండి నడిపే మనిషి ఇంజనెక్కాడంటే ఫోన్ ఆపెయ్యాలి. ఇప్పుడు శహడోల్ దాటి ఎక్కడ సిగ్నల్ కోసం నిలబడ్డాడో ఏమో. తల్లికి గొట్టం వేసిన సంగతి దిగాక గానీ తెలియదు ఆయనకి.

తెలిశాక ఏమంటాడు? ఏమీ అనడు. అదే ఆమె భయం.

*

"మమ్మీ, రో రహీ హో? ఏడుస్తున్నావా?"

తనూజ కాలేజీ బ్యాగు భుజాన వేసుకునే వంటింటి గుమ్మంలో నిలబడింది. డిగ్రీ రెండో ఏడు. తెలుగులో మొదలుపెట్టిన మాట హిందీలో పూర్తిచేస్తుంది, హిందీలో మొదలుపెట్టింది తెలుగులో వదిలేస్తుంది.

రాజశ్రీ కొంగుతో ముఖం తుడుచుకుంది. "కొత్తది ఏదైనా చెయ్యాలే. నాన్నమ్మ నోటికి హితవైంది ఏదైనా. నాకు తోచడం లేదు. నాకు ఏదీ రాదు తనూ. పప్పు, చారు, వేపుడు. ఇన్నేళ్ళూ అవే చేసేను. అవి కళ్ళు మూసుకుని చేస్తాను. కొత్తది అనేసరికి చేతులు ఆడవు."

"వీడియో చూసి చేశావు కదా, సేమియా?"

"చేసేను. తియ్యగా జిగురైపోయింది. కిచిడీలో ఉప్పు లేదు. సూపులో ఉప్పు తప్ప ఏటీ లేదు."

"తో చఖ్తీ క్యోఁ నహీ? రుచి ఎందుకు చూడవు? వీడియోలో ఆంటీ ప్రతిదానికీ గరిటెతో ఇలా వేసుకుని చూస్తోంది. రుచి చూడకుండా కొత్త వంట ఎలా వస్తుంది మమ్మీ? నువ్వు అవే మూడు వంటలు ఎందుకు చేస్తావో నాకిప్పుడు అర్థమైంది. తెలిసినవైతే రుచి చూడక్కర్లేదు. అంతేనా?"

రాజశ్రీ కూతురి వైపు తిరిగింది. ఇన్నేళ్ళుగా తనకి చేతకాదనే అనుకుంది. చుట్టాలందరూ అదే అన్నారు. రాజశ్రీ మంచిదే గానీ వంటలో సరుకు లేదమ్మా అని కాలనీలో పేరంటానికి వెళ్ళినప్పుడల్లా చెవిన పడింది. కారణం ఇంత చిన్నదని, అది తన కళ్ళ ముందే ఉందని ఎన్నడూ అనుకోలేదు.

"నీకు తెల్దే," అంది చివరికి. "పెళ్ళైన కొత్తలో పలాస నుంచి వచ్చిన వారానికే ఒకసారి చారులో వేలు ముంచి నాకేను. నాన్నమ్మ చూసింది. ఒక్క మాట అనలేదు. చారు గిన్నె ఎత్తి మొత్తం తూములో పారబోసింది. అప్పటికే మీ నాన్నకి డ్యూటీ కాల్ వచ్చేసింది. మళ్ళీ పొయ్యి వెలిగించి, తనే కాచి, అప్పన్న పటం ముందు పెట్టి, తర్వాత డబ్బాలో పోసింది. అప్పుడు చెప్పింది నాతో. నా మొగుడు ముప్పయ్యారేళ్ళు ఇంజనెక్కేడు, ఒక్కనాడూ ఎంగిలి కూడు పట్టుకెళ్ళలేదు, ఎళ్ళినవాడు ఎళ్ళినట్టు ఇంటికొచ్చేడు. నా కొడుకూ అలాగే రావాల అంది."

"అది నమ్ముతావా నువ్వు?"

"నమ్ముతానో లేదో నాకు తెల్దు. మీ నాన్న డ్యూటీకి బయల్దేరి ఆ లైన్ బాక్సు పెట్టె ఎత్తుకున్నప్పుడల్లా భయమేస్తాది. అంతే."

మంచినీళ్ళకి వచ్చిన మంగాయమ్మ గుమ్మం దగ్గర ఆగింది. తనూజ అటు తిరిగింది. ఈ కాలం పిల్లలకి ఏ మాట ఎక్కడ అనాలో తెలియదు, అదొక్కోసారి మంచికే.

"అత్తా, మీ ఇంట్లో మీరు రుచి చూస్తారు కదా? మొన్న పులావ్ చేసినప్పుడు అరచేతిలో వేసుకుని నాకేరు. నేను చూశాను."

మంగాయమ్మ ముఖం ముందు ఎర్రబడి, తర్వాత పాలిపోయింది.

"నా ఇల్లు వేరు," అంది. "మీ మామయ్య బేంకులో కూకునే మనిషి. ఇంజనెక్కడు." ఇంకా గొంతు తగ్గించింది. "మా యమ్మ సెవిన పడనీకండే."

అప్పుడు పేలింది రాజశ్రీ.

"అచ్ఛా! మీ ఇంట్లో మీరు చూసుకుంటారు. బిర్యానీలూ పనీర్లూ చేసి డబ్బాల్లో పంపిస్తారు. ఇక్కడందరూ లొట్టలేసుకుని, మంగ చెయ్యే చెయ్యి అంటారు. నన్నేమో చప్పిడి చెయ్యంటారు. ఇందాకా నాలుక లేదేటి అన్నారే, ఉంది వదినా! నాకూ ఉంది! కట్టేసేరు మీరందరూ!"

ఆ ఇంట్లో ఆమె గొంతు అంత పైకి లేవడం అదే మొదలు. మంగాయమ్మ నీళ్ళు తాగకుండానే గ్లాసు గట్టు మీద పెట్టి వెళ్ళిపోయింది. కాసేపటికి లోపలి గదిలో బీరువా తలుపు తెరిచిన చప్పుడు వినిపించింది. తల్లి బట్టలు తనే సర్దుతోంది.

*

ఎండ వెనక వరండాలోంచి జారుతున్న వేళ పక్క క్వార్టర్లోంచి తాలింపు వాసన వచ్చింది. పుల్లటి పెరుగు మరుగుతున్న వాసన, అందులో మెంతులు, ఇంగువ.

"ఎవులింట్లోదే?"

రాజశ్రీ ఉలిక్కిపడింది. నిన్నటి నుంచీ మూలుగు తప్ప మాట లేని మనిషి. అప్పలకొండ తల కిటికీవైపు తిరిగి ఉంది. ముక్కుపుటాలు కొంచెం కదులుతున్నాయి.

"ఏటత్తా? ఏటి కావాలి?"

"ఆ వాసన." అంతే. మళ్ళీ కళ్ళు మూసుకుంది. గొంతు మాత్రం ఒకసారి గుటక వేసింది.

ఆ గుటక చూసి రాజశ్రీ చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తింది.

పక్కింటి సాహు భాభీ పొయ్యి దగ్గరే ఉంది. విషయం విని గరిటె వదిలేసి చెంపలు పట్టుకుంది. "అరే రామ్! డుబ్కీ కఢీ హై బహన్. మీ మజ్జిగ పులుసుకి చెల్లెలే. మినప్పిండి ముద్దలు పచ్చివే కఢీలో వేస్తాం, అందులోనే మునిగి ఉడుకుతాయి. వెన్నలాగా ఉంటాయి, పళ్ళు కూడా అక్కర్లేదు. ఇదే తీసుకెళ్ళు అనేదాన్ని, కానీ మా ఆయన కోసం మిర్చీ దండిగా వేశాను. పుళ్ళ నోటికి నిప్పే. రుబ్బిన పిండి మిగిలింది, పట్టుకెళ్ళి నువ్వే చెయ్యి."

"పెరుగెంత భాభీ?"

"పులుపుని బట్టి. చఖ్ లేనా."

"ఉప్పు?"

"చఖ్ కే డాల్నా."

"ఎంతసేపు మరగాలి?"

"పచ్చివాసన పోయేదాకా. రుచి చూస్తే తెలిసిపోతుంది కదా, ఇందులో అడగడానికేముంది?"

పిండి గిన్నె పట్టుకుని గోడ వెంట నడుస్తుంటే రాజశ్రీకి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. కొలతలున్న వంటలన్నీ పాడుచేసింది. ఇప్పుడు దొరికినదానికి ఒక్క కొలతా లేదు.

*

కఢీ మరుగుతోంది. తనూజ గుమ్మానికి అడ్డంగా నిలబడి కాపలా కాస్తోంది. లోపలి గదిలో మంగాయమ్మ ఫోన్లో మాట్లాడుతోంది. "ఆఁ, బయల్దేరేరా? సరే, రండి."

రాజశ్రీ మూల అరలో ఉన్న సింహాద్రి అప్పన్న పటం ముందు ఒక అరటిపండు పెట్టింది. "ఇయ్యాల్టికి నీకిదే తండ్రీ," అంది. "పొయ్యి మీదున్నది నీకు పెట్టను. అది నీకు పనికిరాదు. తప్పైతే నా మీద వెయ్యి. లైన్లో ఉన్న మనిషి మీద వెయ్యకు."

గరిటె ముంచింది. పైకెత్తింది. రెండు చుక్కలు పొయ్యి మీద పడి చుయ్యిమన్నాయి. శహడోల్ లైన్లో ఏ మలుపు దగ్గరో తన మొగుడి బండి పోతోంది. ఈ గరిటెకీ ఆ బండికీ ఏం సంబంధం అని ఎవరైనా అడిగితే చెప్పలేకపోయేది. కానీ ఆ క్షణంలో ఆమె గుండెలో ఆ రెండూ కలిసే ఉన్నాయి.

"మమ్మీ, టైం లేదు."

కళ్ళు గట్టిగా మూసుకుని నాలుక మీద వేసుకుంది.

పులుపు. దవడలు లాగేసేంత పులుపు. వెనకనుంచి మెంతుల చేదు. ఛీ, ఇది పెట్టుంటే ఉమ్మేసేది, మళ్ళీ ఉమ్మేసేది! రాజశ్రీ గబగబా నీళ్ళు పోసింది. మళ్ళీ చూసింది. పులుపు తగ్గింది గానీ చప్పబడింది. ఉప్పు చిటికెడు. మళ్ళీ చూసింది. ఇంకో చిటికెడు. ఇప్పుడు నాలుక మీద ఏదో ఒకటి తక్కువగా ఉంది. ఏమిటది? ఎవరూ చెప్పకుండా, ఏ వీడియోలోనూ లేకుండా, తనకే తట్టింది. అత్తది నరసన్నపేట వైపు. ఆ నోరు పులుసులో బెల్లం లేకుండా పెరగలేదు.

సాహు భాభీ బెల్లం మాటే ఎత్తలేదు. అయినా రాజశ్రీ చిన్న ముక్క చిదిమి వేసింది. వేయించిన జీలకర్ర నలిపి చల్లింది. పిండి ముద్దలు ఒక్కొక్కటే జారవిడిచింది. అవి మునిగి, ఉడికి, పైకి తేలాయి. ఒక ముద్ద గరిటెతో తుంచి నోట్లో వేసుకుంది.

వేసుకుని అలాగే నిలబడిపోయింది.

"క్యా హువా? బాలేదా?"

రాజశ్రీ తల అడ్డంగా ఊపింది, తర్వాత నిలువుగా ఊపింది. తనే చేసింది ఇది. తన చెయ్యే. ఆనందంగా ఉంది ఆమెకి. అత్త చావుబతుకుల్లో ఉన్న రోజున ఇంత ఆనందమేమిటని సిగ్గేసింది, అయినా ఆనందంగానే ఉంది.

*

మంచం పక్కన బ్యాగు సర్ది జిప్పు వేసి ఉంది. మంగాయమ్మ దాని పట్టీ చేత్తో పట్టుకునే కూర్చుంది.

రాజశ్రీ అత్త తలకింద దిండు ఎత్తు చేసింది. మెత్తటి అన్నంలో ఒక ముద్ద చిదిపి, పైన కఢీ పోసి, చెంచా పెదాల దగ్గర పెట్టింది. "ఒక్కసారత్తా. నచ్చకపోతే ఉమ్మెయ్యి. నేనేటీ అనను."

పెదాలు తెరుచుకోలేదు. వాసన మాత్రం చేరింది. ముక్కుపుటాలు కదిలాయి. అప్పుడు, పొద్దున బిగించిన ఆ పెదాలు కొంచెమే, కొంచెమే విడివడ్డాయి.

మొదటి చెంచా లోపలికి వెళ్ళింది. అప్పలకొండ దవడ నెమ్మదిగా కదిలింది. మింగింది.

రెండో చెంచా. మూడోది. నాలుగోదానికి ముసలామె తనే నోరు ముందుకి చాపింది. తనూజ గుమ్మం దగ్గర నోటికి చున్నీ అడ్డం పెట్టుకుని ఏడుస్తోంది. మంగాయమ్మ చెయ్యి బ్యాగు పట్టీ మీదనుంచి జారిపోయింది. "తింటంది. రాజీ, తింటందే," అంది గుసగుసగా. రాజీ అని పిలవడం ఆవిడ మానేసి చాలా ఏళ్ళైంది.

గిన్నె సగమైంది. ఇంకో సగం తింటే గొట్టం లేదు.

అప్పలకొండ చెంచాని చూడటం మానేసి కోడలి ముఖం చూసింది.

"బెల్లం ఏసేవా?"

"వేసేనత్తా."

"ఉప్పు కుదిరింది." గొంతు బొంగురుగా ఉంది, కళ్ళు మాత్రం పాత కళ్ళే. గరిటె ఏ చేతిలో ఎలా ఉందో గది అవతలినుంచే కనిపెట్టే కళ్ళు. "పులుపూ కుదిరింది. కొత్త కూర. ఎప్పుడూ ఈ ఇంట్లో సెయ్యని కూర. మొదటిసారికే ఇలాగ కుదరదు. ఎవులికీ కుదరదు. నాకే కుదరలేదు." ఆగి ఆయాసపడింది. "రుచి సూసేవా?"

"నేనే చూశాను నాన్నమ్మా," అంది తనూజ గబుక్కున. "మైనే చఖా. మమ్మీ కాదు."

"అమ్మా, అదంతా తర్వాత. ముందు తిను," అంది మంగాయమ్మ.

అప్పలకొండ ఇద్దరినీ చూడలేదు. కోడల్నే చూస్తోంది. చూడలేదత్తా అంటే చాలు. ఒక్క అబద్ధం, మిగతా సగం గిన్నె కడుపులోకి వెళ్ళిపోతుంది. రాజశ్రీ ఆ అబద్ధాన్ని నాలుక చివరిదాకా తెచ్చుకుంది. అదే నాలుక మీద ఇంకా కఢీ రుచి ఉంది.

"సూసేను అత్తా," అంది. "నాలుగైదుసార్లు సూసేను. గరిటెతోనే. అప్పన్నకి పెట్టలేదు, ఆయనకి వేరే పండు పెట్టేను. సూడకపోతే ఇది వచ్చేది కాదు. నీకు గొట్టం ఏసేసేవోరు. తప్పు నాదే."

అప్పలకొండ నోరు మూసుకుంది. పొద్దున సూపు ఉమ్మినప్పటిలాగే రెండు పెదాలూ బిగుసుకున్నాయి. రాజశ్రీ చేతిలో చెంచా గాలిలోనే ఉండిపోయింది. కఢీ చుక్క ఒకటి దుప్పటి మీద పడింది.

బయట కారు హారన్ మోగింది.

"మీ అల్లుడు వచ్చేసేడే అమ్మా," మంగాయమ్మ ఏడుపు గొంతుతో లేచి మళ్ళీ బ్యాగు అందుకుంది. "ఎంత పని సేసేవే రాజీ! ఒక్క అబద్ధం ఆడలేకపోయేవా!"

రాజశ్రీ చెంచా దించబోయింది. ఎముకలు మిగిలిన చెయ్యి ఒకటి ఆమె మణికట్టుని పట్టుకుంది. ఆ చెయ్యి చెంచాని తోస్తోందో లాగుతోందో తెలియలేదు.

"ఎలాగుందే?" అంది అప్పలకొండ.

"ఏటత్తా?"

"రుచి సూసినప్పుడు. పొయ్యి కాడ, వేడి వేడిగా. నీ నాలిక్కి ఎలాగుంది?"

ఇన్నేళ్ళ కాపురంలో వండిన మనిషిని ఆ ఇంట్లో ఎవరూ ఆ మాట అడగలేదు, అత్తని కూడా. బయట హారన్ మళ్ళీ మోగింది. ముసలామె మణికట్టు వదలకుండా, చెంచా దించనివ్వకుండా, జవాబు కోసం ఎదురు చూస్తోంది.